ఇరవై మూడో మేకు కోసం ఆవని నుంచి కేజీఎఫ్‌కి

ఈ పేజీ నా కూతురు భాగ్యది. ఒంటరిగా తిరిగే ఆడపిల్లలకి పనికొస్తుందని, ఏ ఊరికి ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అని ఇందులో రాసేది. నా బిడ్డ పోయి ఈ నెలకి ఏడాది. నేను చదివింది ఐదో తరగతి వరకే, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు పలమనేరు వైపు నుంచి వచ్చిన మా అమ్మ నేర్పినవి, పొయ్యి ముందు కూర్చోబెట్టి, బొగ్గుముక్కతో. నేను కాగితం మీద రాసింది మా చెల్లెలి కూతురు ఫోనులో ఎక్కించింది. అక్షరం తప్పు పోయి ఉంటే సర్దుకోండి. దారి మాత్రం తప్పు చెప్పను.

ప్రయాణానికి కారణం ఒక రేకు బిళ్ళ. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. మీద ఇరవై మూడు అని అచ్చు, తగిలించడానికి పైన బెజ్జం. కేజీఎఫ్‌లో ఒక రైల్వే స్టేషను ముందున్న ఆటో స్టాండుది అది. ఏ స్టేషనో రాయను, అక్కడివాళ్ళని బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ స్టాండులో ఆటోలు తోలేవాళ్ళంతా బంగారు గనుల్లో పనిచేసినవాళ్ళూ, వాళ్ళ కొడుకులూ. గనిలోకి దిగే మనిషి తన బిళ్ళ తీసుకుని దిగేవాడట, పైకొచ్చాక మళ్ళీ మేకుకి తగిలించేవాడట. గనులు మూసేశారు కానీ వీళ్ళు ఆ పద్ధతి విడవలేదు. స్టాండులో ఒక పలక ఉంటుంది, దానినిండా మేకులు. ఒక్కో ఆటోకి ఒక మేకు, ఒక బిళ్ళ. వరుసలోకి వచ్చినవాడు బిళ్ళ తగిలిస్తాడు, సవారీ దొరికినప్పుడు తీసుకుని పోతాడు. మేకు లేని ఆటోకి ఆ స్టాండులో చోటు లేదు.

భాగ్య కోలారులో డిగ్రీ చదివి, బెంగుళూరులో ఆఫీసు ఉద్యోగం సంపాదించింది. రైలుకి వీలుగా ఉంటుందని కేజీఎఫ్‌లో గది తీసుకుంది. తెల్లారకముందే రైలెక్కి, చీకటి పడ్డాక దిగేది. దానితో పాటు వందలమంది ఆడవాళ్ళు దిగేవాళ్ళు. బెంగుళూరులో ఆఫీసులు తుడిచేవాళ్ళు, బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఆయాలు. స్టేషను నుంచి గని లైన్ల దాకా, అంటే గనివాళ్ళకి కట్టిన ఇళ్ళ వరుసల దాకా, దీపాలు లేని దారి. ఆటో ఎక్కితే మగవాళ్ళ మధ్య ఇరుక్కోవాలి, నడిస్తే వెనక ఎవరు వస్తున్నారో తెలియదు. ఒకమ్మాయి భయపడి పనే మానేసింది. అది చూశాక భాగ్య ఉద్యోగం వదిలి, అప్పు చేసి ఆటో కొనింది. ఆడవాళ్ళని ఇళ్ళ దాకా దించేది, నేర్చుకుంటామన్న నలుగురికి తోలడం నేర్పింది. స్టాండులో మేకు ఇవ్వమని ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని ప్రతి ఆదివారం పోయి అడిగింది. చివరికి స్టాండు పెద్ద దొరైరాజ్ తనే సుత్తి తీసుకుని మేకు కొట్టాడు.

డిగ్రీ చదివి ఆటో తోలడమేమిటని మా ఊళ్ళో అడగనివాళ్ళు లేరు. ఒకరోజు నేనూ అడిగాను. అప్పుడు భాగ్య చెప్పిన మాట ఇదీ: "బెంగుళూరు ఆఫీసులో నేను లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారమ్మా. ఈడ నేను లేకపోతే ఎవురూ రారు." ఆ తర్వాత వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చింది. వారం తిరగలేదు.

స్టాండులో ఇంకో కట్టుబాటు ఉంది. మనిషి పోతే అతని మేకు ఏడాది పాటు ఖాళీగా ఉంచుతారు. ఆలోపు ఇంటిమనిషి వచ్చి, తన చేత్తో బిళ్ళ తగిలించి, ఇది ఫలానావాళ్ళకి అని చెప్పాలి. రాకపోతే మేకు స్టాండుకి పోతుంది, స్టాండు ఇంకెవరికైనా ఇస్తుంది. ఏడాది నిండబోతోందని దొరైరాజ్ ఫోన్ చేశాడు. భాగ్య దగ్గర నేర్చుకున్న ఎస్తర్ అనే అమ్మాయి దాని ఆటోనే తోలుతోంది కానీ, మేకు లేక దొంగలా రోడ్డు మీద నిలబడి సవారీలు ఏరుకుంటోంది. ఆ మేకు ఎస్తర్‌కి ఇప్పించాలి. ఇదీ నా పని.

మా ఇంట్లో అప్పుడు పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచి, విపరీతంగా ఆకు తింటున్నాయి. ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఇల్లు కదలరు. "మగోళ్ళ స్టాండు, నువ్వే పోరాదా" అని ఇంటాయనని అడిగాను. ఆయన ఆకు గంప దించి, చాలాసేపు కండువాతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ ఆటో ముందర నిలబడి నా నోట మాట రాదే. నువ్వు పో. ఆకు నేనేస్తా" అన్నాడు. బిళ్ళ గోడకున్న మేకు నుంచి తీసి నా చేతిలో పెట్టింది మాత్రం ఆయనే.

పొద్దున పది దాటాక ఆవనిలో బస్సెక్కాను. ముళబాగిలుకి అరగంట ప్రయాణం. అక్కడ బస్టాండులో కేజీఎఫ్ బస్సు అని అడిగితే చూపిస్తారు, బేతమంగళం మీదుగా పోయేది ఎక్కండి. గంటకు పైనే పడుతుంది. ఆడవాళ్ళకి సర్కారు బస్సులో టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు అడగగానే నేను హడావుడిలో సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళ తీసి చూపించాను.

"ఇదేం కార్డమ్మా? ఎద్దు మెళ్ళోది ఊడదీసుకొని వచ్చినావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"నా కూతురి ఆటో బిళ్ళప్పా. కేజీఎఫ్ స్టేషను స్టాండుది."

"ఆడ సాయంత్రం రైలుకి మగోళ్ళే ఒకర్నొకరు తోసుకుంటా ఉంటారు. జాగ్రత్తమ్మా" అని టికెట్టు చించి ఇచ్చి, డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించాడు. కుడివైపు కూర్చుంటే బేతమంగళం దగ్గర చెరువు నీళ్ళు కనిపిస్తాయి. అది దాటిన కొంతసేపటికి దూరంగా తెల్లని గుట్టలు మొదలవుతాయి. చెట్టూ చేమా ఉండదు, పైన బల్లపరుపుగా కోసినట్టు ఉంటాయి. బంగారం తీయగా మిగిలిన మట్టి అది. సైనైడ్ దిబ్బలంటారు. గాలి వీస్తే ఆ దుమ్ము లైన్లలో అన్నం పళ్ళెం దాకా వస్తుంది.

రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో ఎస్తర్ ఆటోతో నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, జడ చుట్టి ముడివేసుకుంది. ఒకప్పుడు ఆ రైల్లోనే బెంగుళూరు పోయి ఆఫీసులు తుడిచేదట. ఆటో అద్దం మీద భాగ్య అతికించిన కురుడుమలె వినాయకుడు అలాగే ఉన్నాడు. పక్కన ఎస్తర్ పెట్టుకున్న శిలువ. ఇద్దరూ ఇరుకు లేకుండా సర్దుకున్నారు. నేను సీటు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయాను.

"పెద్దమ్మా, సాప్పాడు అయిందా? ముందు తిందాం. తర్వాత ఏడుద్దాం" అంది ఎస్తర్.

మార్కెట్ పక్క సందులో ఒక చిన్న హోటలుకి తీసుకుపోయింది. అక్కడ కుస్కా బాగుంటుంది. ముక్కలు లేని బిర్యానీ అన్నమాట, ప్లేటు అరవై రూపాయలు. మధ్యాహ్నం రెండు దాటితే అడుగంటిందే మిగులుతుంది, ముందే పోండి. వండే ఆమె నా ముఖం చూసి, ఎస్తర్‌ని చూసి, ఏమీ అడగకుండా ఇంకో గరిటె వేసింది.

"చాలమ్మా, తినలేను."

"నీ కూతురు రెండు ప్లేట్లు తినేది. నువ్వు సగానికే చెయ్యి కడిగితే ఎట్ల? ఇంగ స్టాండులో అరవాల గదా, బలం వద్దా?" అంది. ఊరంతటికీ నా పని తెలిసినట్టుంది.

తిన్నాక ఎస్తర్ నన్ను లైన్ల వైపు తిప్పింది. ఒక్కో గది ఇళ్ళు, ఒకే గోడకి ఇటొకరు అటొకరు. గని నోటి మీద నిలబెట్టిన ఇనుప చట్రాలు తుప్పు పట్టి ఇంకా నిలబడే ఉన్నాయి. స్టేషను నుంచి వచ్చే దారిలో ఒక మలుపు దగ్గర ఆటో నెమ్మది చేసింది. "ఈడనే భాగ్యక్క నాకు క్లచ్ నేర్పింది. మూడుసార్లు ఆ గోడ గుద్దినా. తిట్టనే లేదు. గోడకి సారీ చెప్పిరా అనింది" అంది. ఆ గోడ మీద గీతలు ఉన్నాయి. దిగి తడిమి వచ్చాను.

సాయంత్రం ఆరున్నరకి నన్ను స్టాండు ముందు దింపింది. "బిళ్ళ తగిలించేదాకా నేను ఈడ నిలబడకూడదు పెద్దమ్మా. రైలు గేటు అవతల ట్యూషన్ పిల్లోళ్ళు ఉండారు, వాళ్ళని ఇండ్లకాడ దించేసి వస్తా. దొరైరాజన్న టీకి పోయినట్టుండాడు. ఆయన రాంగానే ఫోన్ చెయ్యి, ఎగిరి వస్తా" అని పోయింది.

రేకుల కప్పు కింద నీలం రంగు పలక. రెండే బిళ్ళలు వేలాడుతున్నాయి, మిగతా ఆటోలు అప్పుడప్పుడే చేరుతున్నాయి. ఇరవై మూడో మేకు ఖాళీగా ఉంది. దగ్గరికి పోయి చూస్తే మిగతా మేకులకి తుప్పు ఉంది, దీనికి లేదు. ఎవరో నూనె రాస్తూ వచ్చారు. నేను ఇంక ఎవరి కోసమూ ఆగలేకపోయాను. సంచిలోంచి బిళ్ళ తీసి తగిలించేశాను.

"అమ్మా! ఏం చేసినావు?" వెనక నుంచి ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాతికేళ్ళవాడు, పేరు కుమార్ అని తర్వాత తెలిసింది. ఆ మేకు తన బామ్మర్దికి ఇప్పించాలని చూస్తున్నది అతనే అని కూడా.

"తగిలించినాను. నా కూతురిది."

"తగిలిస్తివి సరే. ఆటో యాడ?"

"వస్తుంది."

"వస్తుందంటే కాదమ్మా! తగిలిస్తే వరుసలో నిలబడినట్టు. మేకు చేతులు మారేటప్పుడు తొలి టర్ను తప్పకూడదు. నీ టర్ను వచ్చి, ఆటో లేక, వెనక ఆటోలో సవారీ కూర్చునిందంటే మేకు స్టాండుది. నేను కట్టిన రూలు కాదు, మా పెద్దోళ్ళు కట్టింది."

తీసేద్దామని చెయ్యి ఎత్తాను. చుట్టూ ఉన్న డ్రైవర్లంతా ఒక్కసారి అరిచారు. తగిలించిన బిళ్ళ సవారీ దొరికాకే తీయాలట. ఇంటిమనిషి చేత్తో తగిలించాలని నాకు తెలుసు. తగిలించిన క్షణం నుంచి టర్ను లెక్కకొస్తుందని ఎవరూ చెప్పలేదు.

దొరైరాజ్ టీ గ్లాసుతో వచ్చాడు. గనిలో దుమ్ము మింగిన మనిషి, నాలుగు మాటలకి ఒకసారి దగ్గుతాడు. పలక చూశాడు, నన్ను చూశాడు. "భాగ్య అమ్మవా తాయీ?" అన్నాడు.

"అవునన్నా. తెలీక తగిలించినాను."

"కుమార్ చెప్పింది నిజమే. తెలీక తగిలించినా బిళ్ళ బిళ్ళే. నేను రూలు వంచినానంటే రేపు నీ మేకునే ఇంకొకడు వంచుతాడు. ఎస్తర్‌ని పిలువు, బిరీన."

ఫోన్ చేశాను. అవతల ఎస్తర్ ఏడుపు గొంతు. "పెద్దమ్మా, గేటు పడింది! రైలొస్తా ఉండాది!"

ఏ రైలు కోసం ఆ ఆటో రావాలో ఆ రైలే దాన్ని అవతల ఆపేసింది.

రైలు వచ్చి ఆగింది. జనం ఒక్కసారిగా బయటికి పొంగారు. ముందున్న రెండు ఆటోలు నిండి పోయాయి. తర్వాతి చోటు ఖాళీ, అది మాది. ఆ ఖాళీ వెనక, నా తర్వాత బిళ్ళ తగిలించిన కుమార్ ఆటో. వెనక ఆటోలో సవారీ ఎక్కేదాకా ఆ చోటులోకి ఎవరూ జరగకూడదని దొరైరాజ్ చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. కుమార్ అప్పటికే పిలుస్తున్నాడు. "రాండక్కా, రాండి! లైన్లకి, లైన్లకి!"

టిఫిన్ సంచులు భుజాన వేసుకుని ఆడవాళ్ళు అటు నడుస్తున్నారు. నాకు సభల్లో మాట్లాడడం తెలియదు. ఎదురుగా పోయి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నేను భాగ్య అమ్మని. దాని బిళ్ళ తగిలించినాను. ఎస్తర్ ఆటో గేటు అవతల ఇరుక్కునింది. మీరు వెనక ఆటో ఎక్కితే భాగ్య మేకు పోతుంది."

ముందున్న ఆమె ఆగింది. సంచి కింద పెట్టింది. పక్కనామె ఎందుకని అడిగి, విని, తనూ పెట్టింది. వెనకవాళ్ళకి మాట పాకింది. ఒక్కో సంచీ నేల మీదికి దిగింది. ఎవరూ నినాదం చేయలేదు. పొద్దున్నుంచీ నిలబడి పనిచేసి వచ్చిన కాళ్ళతో ఇంకా నిలబడ్డారు, అంతే.

"అక్కా, సగం చార్జీకే దింపుతా!" అన్నాడు కుమార్.

"మొన్న వాన్లో డబుల్ తీసుకుంటివే, దాంట్లో సగమా?" అంది ఒకామె. నవ్వులు లేచాయి.

ఒక పెద్దావిడ మాత్రం కుంటుకుంటూ కుమార్ ఆటో దాకా పోయింది. రాజమ్మ ఆమె పేరు. ఆటో కమ్మీ పట్టుకుంది. ఆమె ఆ కమ్మీని ఊతం చేసుకుని మెల్లగా నేల మీద చతికిలబడి, "కమ్మీ పట్టుకునిందానికే చార్జీ అడగవు కదరా? ఈ మోకాలు ఏండ్ల నుంచి నొస్తా ఉండాది. ఇంకొంచేపు నొస్తే చచ్చిపోతుందా ఏం!" అంది.

సంచి పట్టుకున్న మగమనిషి ఒకడు కుమార్ ఆటో వైపు రెండడుగులు వేశాడు. ఆడవాళ్ళంతా తిరిగి అతన్ని చూశారు. అతను దగ్గి, "బీడీ తాగి వస్తాలే" అని పక్కకి పోయాడు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. "ఏయ్ కుమారూ, కదలరా!"

"యాడికి కదిలేదిరా? నా నెత్తిన పోతావా?" అని అరిచాడు కుమార్. అప్పటికి అతనికీ నవ్వొస్తోంది.

అప్పుడు గేటు వైపు నుంచి హారన్ వినిపించింది. ఆగకుండా, పెళ్ళి బ్యాండులా. ఎస్తర్ ఆటో దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆ ఖాళీలో ఆగింది. ఎస్తర్ తాళం కూడా తీయకుండా కిందికి దూకింది.

దొరైరాజ్ పలక దగ్గరికి పోయి అందరికీ వినపడేలా అన్నాడు. "వెనక ఆటోలో సవారీ కూర్చోలేదు. టర్ను తప్పలేదు. ఇంటిమనిషి చెప్పాల. ఈ మేకు ఎవురిది?"

"ఎస్తర్‌ది" అన్నాను.

"ఇంటోళ్ళకి ఇయ్యాల గానీ, ఈమె మీ ఇల్లెట్లాయె?" అన్నాడు కుమార్.

"ఇంటిమనిషిని నేను కదప్పా. మా ఇంటోళ్ళు ఎవురో నేను చెప్పాల, నువ్వు కాదు. ఎస్తర్‌ది, దాంతోపాటు నేర్చుకున్న ముగ్గురిది. గనిలో షిఫ్టులు ఉన్నాయంట కదన్నా? మేకు ఒకటే. పొద్దున రైలుకి ఒకరు, సాయంత్రం రైలుకి ఒకరు, షిఫ్టు మీద తోలుకుంటారు."

దొరైరాజ్ నవ్వబోయి దగ్గాడు. దగ్గుతూనే నవ్వాడు. "షిఫ్టు! ఈ మాట ఈ స్టాండులో విని ఎన్నేండ్లాయెరా!" అని ఇరవై మూడో బిళ్ళ తీసి నా చేతికిచ్చాడు. నేను ఎస్తర్ చేతికిచ్చాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, టిఫిన్ డబ్బాలు కొట్టారు, ఆ మోత స్టేషను లోపలికి కూడా వినిపించి ఉంటుంది. మొదటి సవారీ రాజమ్మ. లేపి కూర్చోబెట్టడానికి ఒక రెక్క కుమారే పట్టుకున్నాడు. "పో ఎస్తరక్కా, బిరీన పో. నా సవారీలు ఆకలితో ఉండారు" అన్నాడు.

నన్నూ మధ్యలో ఇరికించుకున్నారు. చీకటి దారిలో ఒక్కొక్కరినీ ఇంటి ముందు దింపుతూ పోయాం. దింపగానే ఆటో కదలలేదు. తలుపు తెరుచుకుని లోపల దీపం కనిపించేదాకా ఆగింది. భాగ్యక్క పద్ధతి అంది ఎస్తర్. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే పడుకుని, పొద్దున బస్సుకి తిరిగి వచ్చాను. ఇంటాయన ఆకు వేస్తూనే తల ఎత్తి చూశాడు. "ఇచ్చేసినావా?" అన్నాడు. ఇచ్చేశానన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఖాళీగా ఉన్న గోడ మేకుని చూసి, తన కండువా దానికి తగిలించాడు.

ఏడాదిగా నేను ఎందరినో అడిగాను, అంత చదువు, అంత తపన, అదంతా ఎక్కడికి పోయిందని. దేవుడి దగ్గరికని చెప్పారు, కర్మ అని చెప్పారు. నాకు ఏదీ పట్టలేదు. ఇప్పుడు అది రోజూ రెండు పూటలా ఎక్కడికి పోతోందో నాకు తెలుసు, రైలు టైముతో సహా. నా బిడ్డ లేదన్న దుఃఖం నేను బతికినంతకాలం ఉంటుంది, దాన్ని ఎవరూ తీసేయనక్కరలేదు. కానీ తను లేకపోతే ఎవరూ రారని అంది చూడండి, ఆ ఒక్క మాట మాత్రం భాగ్య తప్పు చెప్పింది. వచ్చారు. నేను చూశాను.

మీరు ఆ వైపు పోతే ఒక్క మాట గుర్తుంచుకోండి. సాయంత్రం రైలు దిగి బయటికి రాగానే కనిపించిన ఆటో ఎక్కేయకండి. ముందు నీలం రంగు పలక ఎక్కడుందో చూడండి. ఇరవై మూడో మేకు ఖాళీగా ఉండి, ఆటో ఇంకా రాకపోతే, గేటు పడి ఉంటుంది. సంచి కింద పెట్టి కాసేపు ఆగండి. వస్తుంది.